మూడు మిల్లీమీటర్ల రాయి

ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధి మలుపులో
సుబ్బరత్నం శెట్టి కొత్త షోరూముకు
నాలుగు స్తంభాలు నిలబెడతాండా.
లోపల థర్మాకోల్.
దాని మీద జాలీ, జాలీ మీద ప్రైమరు,
ప్రైమరు మీద మూడు మిల్లీమీటర్ల సిమెంటు పూత.
అంతే రాయి.

ఆయనకు నల్ల బండలు పేర్చినట్టే కనపడాల.
నిజం బండ పెడదామంటే
పైఅంతస్తు, పాత మిద్దె, మోయలేదని ఇంజనీరు చెప్పినాడు.
ఎర్రగుంట్ల ఎంత దూరం?
లారీ హారన్ కొడితే వినపడేంత.
అయినా బండను బకెట్లో కలిపి తెమ్మన్నారు నన్ను.
"చూస్తే రాయి అనుకోవాల మ్మా, తడిమినా అనుకోవాల."
శెట్టి అమ్మేది ఒక గ్రాము బంగారం నగలు.
పూత సంగతి ఆయనకు నేను చెప్పాల్నా?

బెంగుళూరులో మూడు నెలలు నేర్చుకున్నా ఈ పని.
తాపీ పట్టేటప్పుడు మణికట్టు వదులుగా ఉండాలన్నారు.
అదే కష్టమైంది నాకు.
మా ఇంట్లో ఎవరి మణికట్టూ వదులుగా ఉండిందిలేదు.

మా నాయన పల్లపు తిరుపాలు.
నిడుజువ్వి గనిలో ముప్పై ఏండ్లు.
అక్కడ బండ పొరలు పొరలుగా లేస్తుంది,
పొంగిన జొన్నరొట్టె మీది పొర మాదిరి.
ఉలి పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ,
ఆ చప్పుడు విని చెప్పేవాడు
ఏ పొర యాడ విడుస్తుందో.
ఊరూరి వంటిండ్లలో కడప బండ అని పిలిచేదీ,
డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి
నాలుగో పూస, ఐదో పూస అని చూపించేదీ
ఒకటేనని నాకు చాన్నాళ్లకు తెలిసింది.

నిన్న మధ్యాన్నం క్యారియర్ తెచ్చినాడు.
సంగటి, చెనక్కాయల ఊరిబిండి.
పరంజా కింద నిలబడి పైకీ కిందికీ చూసినాడు.
వేలి ముడితో స్తంభాన్ని కొట్టి చెవి పెట్టినాడు.
మళ్లీ కొట్టినాడు, రోంత కిందికి వంగి.
పిలిస్తే పలకని మనిషిని చూసినట్టు చూసినాడు.

మూలన ఇంకా ఎక్కించని ముక్క ఒకటి ఉండింది.
"ఇది అడ్డమా పాపా?" అంటూ
నేను వద్దనేలోపల
పంచె ఎగగట్టి, మోకాళ్లు వంచి,
ఊపిరి బిగబట్టి, పండ్లు కరిచి,
ముప్పై ఏండ్ల అలవాటంతా భుజంలోకి తెచ్చుకొని
లేపినాడు.

ముక్క తల దాటి ఎగిరింది.
నాయన వెనక్కి తూలినాడు.
బరువు తగిలి కాదు,
తగలక.

టైల్స్ పిల్లోళ్లు నవ్వినారు.
కరెంటు పనికి వచ్చిన ఖాజాపీరు మాత్రం
నిచ్చెన దిగి వచ్చి వీపు పట్టుకున్నాడు.

ఆ ముక్కను వదల్లేదు నాయన.
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి,
చంటిబిడ్డను మార్చుకున్నట్టు.
"ఇది అప్పుడు ఉండింటే..." అన్నాడు.
అక్కడే నిలిచిపోయినాడు.
ఉండింటే నడుము ఉండేది,
కూలి ఉండేది కాదు.
నేనూ ఆ మాట పూర్తి చేయలేదు.
క్యారియర్ మూత బిగుసుకొని ఉండింది, దాంతో కుస్తీ పట్టినా.

తిన్నాక మూడో స్తంభం దగ్గరికి పోయినాడు.
పూత ఇంకా పచ్చిగానే ఉంది.
నేను గీసిన గీతల్ని చూసి నాలుక చప్పరించినాడు.
"రాయి ఇట్లా పగలదు పాపా.
పొర వెంబడే పోతుంది, దాటాలంటే ఏడుస్తుంది."
నేల మీది మేకు ఏరుకొని
ఎడమ నుంచి ఒకటి లాగినాడు,
సగంలో ఆగి, చెవి వంచి,
ఏ చప్పుడూ లేని దాంట్లో ఏదో విని,
అక్కడ రోంత కిందికి దించినాడు.

సాయంత్రం శెట్టి వచ్చి నాలుగూ తడిమినాడు.
మూడో దాని దగ్గర చెయ్యి ఆగింది.
"ఇది మాత్రం నిజం బండ పెట్టినావా ఏంది?
మిద్దె కూలుతాదమ్మా!"

చదరపు అడుగుకు నూటనలభై.
ఆ గీతకు వేరే రేటు రాసుకోలేదు.

ఇంటికి పోయేసరికి నాయన మంచం మీద
నడుము బెల్టు విప్పుకుంటా ఉన్నాడు.
శెట్టి మాట చెప్పినా. నవ్వలేదు.
గోడ వైపు తిరిగి పడుకుంటూ అన్నాడు:
"రెండోదాని మీద గీత కూడా తప్పే.
పొద్దున్నే చెరిపెయ్.
నేను వస్తా."